కుర్చీ అంచున కూర్చున్న కుర్రవాడు

ఇది ఒక కళాశాల స్ప్రింటర్ కేసు. నా చేతికి వచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు "స్టార్టు భయం", అంటే పరుగు మొదలుపెట్టే క్షణంలో భయం. దాదాపు రెండు నెలలు నేనూ అదే పేరుతో పనిచేశాను. ఎక్కడ దారి తప్పానో రాసిపెడితే కళాశాలల్లో క్రీడాకారులతో పనిచేసే మనస్తత్వవేత్తలకు, వ్యాయామ అధ్యాపకులకు పనికొస్తుందని, ఆ విద్యార్థి అనుమతితో రాస్తున్నాను. ఊరు, కళాశాల, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. రాతప్రతి అతను చదివి రెండు చోట్ల తీసేయమన్నాడు, తీసేశాను. అతన్ని ఇక్కడ శ్రీను అంటాను.

నేపథ్యం

నేను క్లినికల్ సైకాలజిస్టుని. హాస్టల్ ఉన్న ఒక డిగ్రీ కళాశాలకు వారానికి రెండు రోజులు వెళ్తాను. అక్కడ క్రీడా విభాగం కింద చేరిన విద్యార్థులు నలభై మందికి పైగా ఉన్నారు. వాళ్ళకు ఫీజు లేదు, హాస్టల్, మెస్ ఉచితం. ఏటా వేసవి సెలవులకు ముందు సమీక్ష జరుగుతుంది. ఆ ఏడాది విశ్వవిద్యాలయ జట్టులోకి ఎంపిక కానివారికి ఉచిత మెస్ ఆగిపోతుందని పిల్లలందరికీ తెలుసు. అది ఎక్కడా రాసి లేదు. రాసి లేని నిబంధన కాబట్టే దాని మీద ఎవరూ అర్జీ పెట్టుకోలేరు.

పోలీసు, రైల్వే ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా గురించి మొదటి సంవత్సరం నుంచే వాళ్ళు మాట్లాడుకుంటారు. అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల సర్టిఫికెట్ ఎన్ని మార్కులకు సమానమో వాళ్ళకు నోటికి వచ్చు. ఈ పిల్లలు పతకాన్ని మెడలో వేసుకునే వస్తువుగా చూడరు. దరఖాస్తుకు జతచేసే కాగితంగా చూస్తారు. వాళ్ళ మనసుతో పనిచేయాలనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నాకు ఇచ్చిన గది వ్యాయామశాల భవనంలో, ఫిజికల్ డైరెక్టర్ (పి.డి.) గారి గది పక్కన ఉండేది. నా దగ్గరికి రావాలంటే ఆయన తలుపు దాటి రావాలి. మధ్య గోడ ప్లైవుడ్. వారానికోసారి నేను ఆయనకు ఒక పేజీ నోట్ ఇచ్చేదాన్ని. ఎవరు వచ్చారు, దేని మీద పనిచేస్తున్నాం, ఎంత మెరుగుపడ్డారు అన్నవి అందులో ఉండేవి. చేరినప్పుడు ఆయన అడిగారు, నేను ఒప్పుకున్నాను. పిల్లలను పంపేది ఆయనే, గ్రౌండులో నేను చెప్పినవి చేయించేదీ ఆయనే. ఆయన్ను కలుపుకోకుండా ఏ పనీ సాగదని అనుకున్నాను. సహకారమని నేను పెట్టుకున్న ఈ ఏర్పాటే ఈ కేసులో అడ్డుగోడ అయింది.

వచ్చిన సమస్య

శ్రీను రెండో సంవత్సరం విద్యార్థి, వంద మీటర్ల స్ప్రింటర్. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తొలి వడపోత పరుగులైన హీట్స్‌లోనే తుపాకీ పేలకముందే కదిలి (ఫాల్స్ స్టార్ట్) అనర్హుడయ్యాడు. 2010 ముందు తొలి తప్పిదానికి పరుగులో ఉన్న అందరికీ కలిపి ఒక హెచ్చరిక ఉండేది. ఆ ఏడాది నుంచి ఆ వెసులుబాటు పోయింది. ఒక్కసారి ముందు కదిలితే ట్రాక్ దిగాల్సిందే. తెలుగు పాఠకులకు ఈ నిబంధన బాధ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అనుభవంలోకి వచ్చింది. వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో పక్క వరసలోని అమ్మాయి ముందు కదిలితే, మన జ్యోతి యర్రాజినీ మొదట అనర్హురాలిగా చూపించారు. ఆమె అక్కడే నిలబడి వాదించింది, పరిగెత్తింది, చివరికి రజతం దక్కింది. శ్రీను ఆ వీడియో చాలాసార్లు చూశాడట. "ఆవిడ తప్పు చేయలేదు మేడమ్. నేను చేశాను," అన్నాడు మొదటి రోజే.

ఆ పోటీ తర్వాత అతనికి వ్యతిరేక సమస్య వచ్చింది. "సెట్" (నడుము లేపి సిద్ధంగా ఉండమనే ఆదేశం) అన్నాక తుపాకీ పేలినా బ్లాకుల్లోంచి (పాదాలు ఆనించి బయలుదేరే దిమ్మెలు) ఆలస్యంగా లేస్తున్నాడు. శిక్షణలో 10.8 సెకన్లు, పోటీలో 11.2. పి.డి. గారు రాసి పంపిన చీటీలో ఇలా ఉంది: "గ్రౌండులో పులి, పోటీలో భయం. స్టార్టు భయం పోగొట్టాలి."

చీటీ చదవగానే నా మనసులో కథ తయారైపోయింది. ఒక పెద్ద వైఫల్యం, దాని తర్వాత అతి జాగ్రత్త, ఆపైన తన కదలికను తానే కాపలా కాయడం. పుస్తకాల్లో ఉన్నదే. అతన్ని చూశాక నమ్మకం ఇంకా పెరిగింది. కుర్చీ అంచున కూర్చునేవాడు. ఒక నిమిషం కుదురుగా ఉండేవాడు కాదు, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరుగుతుండేవాడు. "ఆందోళన, స్థిమితం లేదు" అని నోట్స్‌లో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ ఆ ఫైల్లో ఉంది. దిద్దలేదు.

మొదట చేసినవి

మొదటి ఆరు సెషన్లలో పోటీ ఆందోళనకు మామూలుగా చేసేవన్నీ చేశాం. ఊపిరి వదలడం మీద సాధన, పోటీకి ముందు చివరి పది నిమిషాల వరస, బ్లాకుల్లోకి దిగాక మనసు ఎక్కడ ఉండాలన్నది. స్ప్రింటర్ శబ్దం కోసం ఎదురుచూడాలా, తన మొదటి అడుగు మీద ధ్యాస పెట్టాలా అన్నది శిక్షకుల్లో పాత చర్చ. అతను శబ్దాన్ని భయంతో వింటున్నాడని నాకు అనిపించి, ధ్యాసను అడుగు మీదికి మళ్ళించాను. తర్వాత తుపాకీ శబ్దం రికార్డు చేసి ఇచ్చి, దానితో రోజూ పదిహేను స్టార్టులు చేయమన్నాను. భయపడే పరిస్థితికి మళ్ళీ మళ్ళీ ఎదురైతే భయం తగ్గుతుందన్నది నా లెక్క. అసలు సమస్య భయమే అయ్యుంటే అది సరైన లెక్కే.

ఊహాచిత్రణ కూడా ప్రయత్నించాం. కళ్ళు మూసుకుని పరుగును మొదటి నుంచి చివరి వరకు చూడమంటే, ప్రతిసారీ "సెట్" దగ్గర ఆగిపోయేవాడు. "నడుము పైకి లేపాక బొమ్మ రావట్లేదు మేడమ్," అనేవాడు. నేను దాన్ని తప్పించుకునే ధోరణి అనుకున్నాను. నడుము లేపాక ఏమవుతోందని అడగలేదు. "ఏ ఆలోచన వస్తోంది?" అనే అడిగాను. ఆలోచన గురించి అడిగితే ఆలోచన గురించే చెప్తారు.

ఏది విఫలమైంది

రాష్ట్ర స్థాయి పోటీలో అంతకుముందు కంటే ఘోరంగా పరిగెత్తాడు. తిరిగొచ్చిన మర్నాడు పి.డి. గారు గ్రౌండులో అందరి ముందు, "మేడమ్ దగ్గర రెండు నెలలు కూర్చున్నావు, ఇంకా భయం పోలేదా?" అన్నారు. ఆయన మనసులో చెడు లేదు. ఆ కుర్రవాడి మీద ఆయనకు ఎంత ఆశ ఉందో నాకు తెలుసు. కానీ అతను నా దగ్గరికి వస్తున్న సంగతి ఆ ఒక్క మాటతో గ్రౌండంతా తెలిసిపోయింది.

ఆ రాత్రి నోట్స్ ముందేసుకుని మొదటి నుంచి చదివాను. నేను ఆగి ప్రశ్నించి ఉండాల్సిన మొదటి చోటు ఆ అంకెల దగ్గరే కనిపించింది. శిక్షణలో 10.8 చేతి స్టాప్‌వాచ్‌తో తీసినది, పోటీలో 11.2 ఎలక్ట్రానిక్ గడియారం చూపినది. చేతితో తీసిన సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాలంటే వంద మీటర్లకు 0.24 సెకను కలపాలన్నది అథ్లెటిక్స్‌లో అందరికీ తెలిసిన లెక్క. కలిపితే 11.04. మిగిలిన తేడా 0.16. "గ్రౌండులో పులి, పోటీలో భయం" అన్న కథలో సగానికి పైగా రెండు గడియారాల మధ్య తేడానే. అతను శిక్షణలోనూ నెమ్మదించాడు, అది ఎవరి కంటా పడలేదు. పోటీలో మాత్రమే కనిపించేదాన్ని పోటీ ఆందోళన అనొచ్చు. రెండు చోట్లా ఉంటే ఇంకేదో వెతకాలి.

రెండో తప్పు ఇంకా మౌలికమైనది. స్క్రీనింగ్ (సమస్య ఏమిటో తేల్చే తొలి పరిశీలన) చేయకుండా నేరుగా పనిలోకి దిగాను. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2020లో క్రీడాకారుల కోసం ఎస్‌ఎంహెచ్‌ఏటీ-1 అనే మానసిక ఆరోగ్య పరిశీలన సాధనాన్ని తెచ్చింది. మొదట పది ప్రశ్నలు ఉంటాయి. మొత్తం 17 గానీ అంతకు మించి గానీ వస్తే ఆందోళన, కుంగుబాటు, నిద్ర, మద్యం, మత్తుపదార్థాలు, తిండి అలవాట్ల మీద విడి ప్రశ్నావళులు. అంతా కలిపినా ఒక గంట పని. చీటీ మీద "స్టార్టు భయం" అని రాసి ఉంది కాబట్టి ఆ గంట నాకు అనవసరం అనిపించింది. ఇంకొకరు పెట్టిన పేరును నా నిర్ధారణగా తీసుకున్నాను.

మలుపు

ఏడో సెషన్‌కు శ్రీను వచ్చింది, ఇక రానని చెప్పడానికి. సరే అన్నాను, వెళ్ళేముందు ఈ ప్రశ్నలకు జవాబులు ఇచ్చి వెళ్ళమన్నాను. మొదటి పదింటిలో 26 వచ్చింది. కుంగుబాటు ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 13, అంటే మధ్యస్థ స్థాయి. తొమ్మిదో ప్రశ్న, అంటే చనిపోతే మేలన్న ఆలోచనల గురించి అడిగేది, దానికి "కొన్ని రోజులు" అని గుర్తు పెట్టాడు.

అక్కడ పరుగు, స్టార్టు అన్నీ పక్కన పెట్టాను. నేరుగా అడిగాను. "పొద్దున లేవకపోతే బాగుండునని అనిపిస్తుంది మేడమ్. ఏదో చేసుకోవాలని మాత్రం లేదు," అన్నాడు. పథకం ఏమైనా ఉందా, గతంలో ఎప్పుడైనా ప్రయత్నించాడా, రాత్రి గదిలో ఎవరుంటారు అని ఒక్కొక్కటీ విడివిడిగా అడిగాను. ఈ ప్రశ్నలు అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని ఇప్పటికీ కొందరు అధ్యాపకులు నాతో అంటుంటారు. అలా జరగదు. అడిగాక అతని భుజాలు దిగడం నేను చూశాను. ఇద్దరం కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాం: ఆలోచనలు ఎక్కువైతే ముందు ఎవరికి చెప్పాలి, తర్వాత ఎవరికి, ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడగల టెలి-మానస్ నంబరు 14416. అతని ఇష్టంతోనే గదిలో ఉండే సీనియర్‌కు, వాళ్ళ అక్కకు చెప్పాం. అదే వారం ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అప్పటికి మందులు మొదలుపెట్టకుండా, రెండు వారాలకోసారి చూస్తానన్నారు.

ఆ ఏడో సెషన్ చివర్లో నేను అడిగిన ప్రశ్న నెలల ముందే అడిగి ఉండాల్సింది.

"నువ్వు ఇక్కడ చెప్పింది ఎక్కడికి వెళ్తుందని అనుకుంటున్నావు?"

"పి.డి. సార్ టేబుల్ మీదికి మేడమ్. శనివారం."

అతను చెప్పింది నిజం. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు రెండు దారులు కనిపించాయి. "ఇకనుంచి ఎవరికీ చెప్పను, దాస్తున్నదేమిటో చెప్పు" అని అప్పటికప్పుడే అడగొచ్చు. కానీ ఉత్త మాట మీద నమ్మమని అడిగే హక్కు నాకు లేదు. శనివారం నోట్ అలాగే ఉంది, గది అక్కడే ఉంది. అందుకే ముందు ఏర్పాటు మార్చి, ఆ తర్వాత వినాలని నిర్ణయించుకున్నాను. ప్రాణానికి తక్షణ ప్రమాదం లేదని తేల్చుకున్నాకే ఈ ఆలస్యానికి సిద్ధపడ్డాను. ప్రమాదం ఉండి ఉంటే ఈ దారి పట్టేదాన్ని కాదు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పట్టుకుని వెళ్ళాను. అందులో 23వ సెక్షన్ చికిత్స పొందేవారి సమాచారానికి గోప్యత హక్కు ఇస్తుంది. వారం నోట్ ఆగిపోయింది. గ్రంథాలయం వెనుక పాత స్టోర్ గది ఇచ్చారు. ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాశాను: ఇక్కడ చెప్పింది బయటకు వెళ్ళదు, ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఎవరికి చెప్తానో నీకు ముందే చెప్తాను, శిక్షకుడికి ఏదైనా చెప్పాల్సి వస్తే ఏ మాటలు చెప్పాలో నువ్వే నిర్ణయిస్తావు. పి.డి. గారు నొచ్చుకున్నారు. "నా పిల్లల సంగతి నాకు తెలియకూడదా?" అన్నారు. ఆ మాటలో ప్రేమే ఉంది. అందుకే ఆయనతో వాదించకుండా, ఈ ఒప్పందం కింద మొదటి సంతకం ఆయననే పెట్టమన్నాను. రెండు రోజులు ఆలోచించి పెట్టారు. ఇదంతా పూర్తవడానికి పన్నెండు రోజులు పట్టింది. మధ్యలో శ్రీనును రెండుసార్లు కలిశాను, నిద్ర గురించి, తిండి గురించి మాత్రమే మాట్లాడాం.

కొత్త గదిలో మొదటి రోజు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. చాలాసేపు కిటికీ వైపు చూశాడు. తర్వాత అన్నాడు: "కూర్చుంటే నొప్పి మేడమ్."

కూర్చునే ఎముక దగ్గర, తొడ వెనుక కండరం మొదలయ్యే చోట, నాలుగు నెలలుగా నొప్పి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు నెల ముందు మొదలైంది. సెట్‌లో నడుము లేపితే ఆ చోట గట్టిగా లాగుతుంది. ఆ లాగుడు భరించలేక ఆ రోజు తుపాకీ కంటే ముందు కదిలాడు. తర్వాత ఆ లాగుడు వస్తుందని తెలిసి, లేవడానికే ఒళ్ళు వెనకాడింది. క్లాసులో బల్ల మీద, బస్సులో, మెస్‌లో, నా ఎదురుగా కుర్చీలో అన్ని చోట్లా ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. నేను రోజూ చేయించిన పదిహేను స్టార్టులు, గ్రౌండులో ముందుకు వంగమని చేయించిన సాగదీతలు, రెండూ ఆ గాయాన్ని పెంచాయి. నా చికిత్స పనిచేయకపోవడం ఒక ఎత్తు, హాని చేయడం ఇంకో ఎత్తు. ఆ రోజు అతనికి క్షమాపణ చెప్పాను.

ఎందుకు దాచాడు? మొదటి సంవత్సరంలో అతని గదిలో ఉన్న సీనియర్ మోకాలి గాయం చెప్పుకున్నాక జట్టులోంచి పోయాడు, తర్వాత మెస్‌లోంచి పోయాడు, తర్వాత ఊరికి వెళ్ళిపోయాడు. శ్రీను దానిలోంచి నేర్చుకున్నది అతని దృష్టిలో తప్పు కాదు.

ఇంకొకటి చెప్పాడు. పోటీకి ముందు రోజు ఊళ్ళో ఒక ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకునేవాడట. అందులో ఏముందో తెలియదు. ఇది విన్నాక నాకు వేరే భయం పట్టుకుంది. నొప్పికి ఇచ్చే ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ కలపడం మన ఊళ్ళలో కొత్త కాదు. డెక్సామెథాసోన్ వంటి గ్లూకోకార్టికాయిడ్లను ఏ రకంగా ఇంజెక్షన్ చేసుకున్నా పోటీ సమయంలో నిషేధమేనని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022 జనవరి నుంచి అమలు చేస్తోంది. తెలియక చేశానంటే డోపింగ్ పరీక్షలో చెల్లదు. నొప్పి దాచాల్సి రావడం ఒక పిల్లవాడిని ఎక్కడిదాకా నెట్టగలదో అప్పుడు అర్థమైంది.

పనిచేసినవి

గాయం సంగతి పి.డి. గారికి నేను చెప్పలేదు. చెప్తే ఒప్పందం మొదటి వారంలోనే చచ్చిపోయేది. తనే చెప్పడానికి శ్రీను సిద్ధపడ్డాడు. ఏ మాటతో మొదలుపెట్టాలి, ఆయన కోప్పడితే ఏమనాలి అని రెండు సెషన్లు సాధన చేశాం. చెప్పే రోజు నన్ను పక్కన కూర్చోమన్నాడు. కూర్చున్నాను, నోరు విప్పలేదు. పి.డి. గారు మొత్తం విని, "నాలుగు నెలలు నీతో సాగదీతలు చేయించాను కదరా," అని మాత్రం అన్నారు. ఆ సాయంత్రమే ఎముకల వైద్యుడి అపాయింట్‌మెంట్ ఆయనే తీసుకున్నారు.

అంతకంటే ముందు జరిగిన పని ఒకటుంది. వైద్యుడి సర్టిఫికెట్ ఉంటే గాయపడిన విద్యార్థికి ఆ విద్యా సంవత్సరం చివరి వరకు హాస్టల్, మెస్ ఆగవని ప్రిన్సిపాల్ గారు సంతకం చేసిన లేఖ. దాని కోసం నేను మూడుసార్లు వెళ్ళాను. ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ పనిచేసిన మానసిక చికిత్స ఏదని ఎవరైనా అడిగితే ఆ లేఖ అంటాను. లేఖ చేతికి వచ్చిన పది రోజుల్లో అతను రాత్రి ఆరు గంటలు నిద్రపోవడం మొదలైంది. ఆకలి తిరిగొచ్చింది. నేను అప్పటికి కుంగుబాటు మీద పెద్దగా పనే మొదలుపెట్టలేదు.

ఫిజియో పని నెమ్మదిగా సాగింది. కదలిక లేకుండా బిగించి పట్టే వ్యాయామాలు, తర్వాత బరువులు, ఆ తర్వాత పరుగు. సుమారు నాలుగు నెలలు. ఆ కాలంలో నేను చేసినది సాధారణమైన పనే. పరుగు లేని రోజును దేనితో నింపుకోవాలన్నది, "నేను పరిగెత్తకపోతే ఎవరిని" అన్న ప్రశ్న దగ్గర అతనితో కూర్చోవడం, జూనియర్లకు సమయాలు తీసే బాధ్యత అతనికి ఇప్పించడం. మానసిక వైద్యురాలు మూడు నెలల తర్వాత ఇక తన దగ్గరికి రానవసరం లేదన్నారు.

బ్లాకుల్లోకి మళ్ళీ దిగినప్పుడు కొంత భయం నిజంగానే ఉంది. నిలబడి స్టార్టు, తర్వాత ఒక చేయి నేలమీద పెట్టి, తర్వాత తుపాకీ లేకుండా బ్లాకులు, చివరికి తుపాకీతో. మొదట్లో విఫలమైన ఊపిరి సాధన, అడుగు మీద ధ్యాస ఈసారి చక్కగా పనిచేశాయి. ఊహాచిత్రణలో "సెట్" దాటి బొమ్మ ముందుకు వెళ్ళింది. ఆ పద్ధతుల్లో లోపం లేదు. నొప్పిని భయమనుకుని వాటిని వాడినదాన్ని నేను.

తర్వాతి సీజన్‌లో విశ్వవిద్యాలయ ఎంపిక పోటీల్లో ఎలక్ట్రానిక్ గడియారం మీద 11.06 పరిగెత్తి మూడోవాడిగా వచ్చాడు. జట్టులో రిలేకు చోటు దొరికింది. పీహెచ్‌క్యూ-9లో 4, అంటే కుంగుబాటు దాదాపు లేనట్టే.

మార్చుకున్నవి, మారనివి

2025 జులైలో, విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ గానీ, మనస్తత్వవేత్త గానీ, సామాజిక కార్యకర్త గానీ ఉండాలంది. మంచి మాట. మన కళాశాలలు మనుషులను నియమిస్తాయి కూడా. ఆ మనిషికి ఏ గది ఇస్తారు, ఆ మనిషి ఎవరికి నోట్ రాస్తారు అన్నవి నియామక పత్రంలో ఉండవు. అవే విద్యార్థి నోరు తెరుస్తాడా లేదా అన్నది తేలుస్తాయి. ఇప్పుడు ఏ కళాశాల నుంచి పిలుపు వచ్చినా జీతం కంటే ముందు ఈ రెండే అడుగుతున్నాను.

శ్రీనుకు ఇచ్చిన లేఖ ఒక్కడికి, ఒక్క ఏడాదికి. అందరికీ వర్తించే నిబంధనగా మార్చమని రెండుసార్లు రాసి ఇచ్చాను. ఇంకా మారలేదు. మళ్ళీ రాస్తాను.

గోప్యత వల్ల ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచను. గాయం సంగతి శిక్షకుడికి తెలియకపోతే శిక్షణ ఆ గాయాన్ని పెంచుతుంది. అందుకని నొప్పి చెప్పినవారిని పేరు లేకుండా నేరుగా ఫిజియో దగ్గరికి పంపే ఏర్పాటు చేసుకున్నాం. విశ్రాంతి కావాలంటే ఫిజియో "ఈ వారం బ్లాకులు వద్దు" అని మాత్రం రాస్తారు, కారణం రాయరు. పి.డి. గారు కారణం అడగరు. అడగకుండా ఉండటం ఆయనకు ఎంత కష్టమో నేను చూస్తూనే ఉన్నాను.

నా మొదటి సెషన్ ఫారంలో ఇప్పుడు కొత్త ప్రశ్న ఉంది: "కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందా? దాని గురించి ఎవరికి తెలుసు?" ఈ ఏడాది కొత్తగా చేరినవారిలో ముగ్గురు ఉందన్నారు. ముగ్గురూ రెండో ప్రశ్నకు "ఎవరికీ తెలియదు" అని రాశారు. ఇద్దరు ఫిజియో దగ్గరికి వెళ్తున్నారు. మూడో అమ్మాయి పోయిన వారం తనే పి.డి. గారి తలుపు తట్టి చెప్పింది.